గదిలో ఏడుగురు

తొమ్మిదింపావుకల్లా వగ్దీ పదకొండు మెసేజ్‌లు వదిలాడు, రెండు తుడిచాడు. తుడిచినవాటిలో ఒకటి కీళ్ళనొప్పుల నూనె ప్రకటన. రెండోది ఒక నర్సుని తిట్టిన తిట్టు. తిట్టులో న్యాయం ఉంది. కాని నర్సు పేరు కూడా ఉంది. పేరుంటే తుడవాలి.

తెరకి ఎడమవైపు సగం ఆయన ఒక్కడికే కనపడుతుంది. సభ్యులు రాసిన ప్రతి మాటా ముందు అక్కడికొచ్చి ఆగుతుంది. ఆయన చదివి, వదలొచ్చనుకుంటే ఒక బటన్ నొక్కుతాడు. అప్పుడది కుడివైపు సగంలోకి, అంటే గదిలోకి వెళ్తుంది. మూత్రపిండాల రోగుల సంఘం వెబ్‌సైట్‌లో ఉన్న ఈ గది పొద్దున తొమ్మిదినుంచి నాలుగుదాకా తెరిచి ఉంటుంది. ఊళ్ళో ఎవరైనా, డయాలిసిస్‌కి వెళ్ళేవాళ్ళు గాని వాళ్ళింట్లోవాళ్ళు గాని, ఒక పేరు పెట్టుకుని లోపలికొచ్చి మిగతావాళ్ళతో మాట్లాడుకోవచ్చు. తొమ్మిదేళ్ళుగా వగ్దీ ఆ గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు.

బయట చీపురు తుఫాను మొదలైంది. అలెగ్జాండ్రియాలో ప్రతి చలికాలపు తుఫానుకీ ఒక పేరుంది, ఒక తేదీ ఉంది. నవంబరు మధ్యలో వచ్చేది చీపురు. ట్రాములు ఆగిపోయాయి. వగ్దీ ముహర్రం బేనుంచి రమ్ల్ స్టేషన్‌దాకా నడిచొచ్చాడు. ప్యాంటు మోకాళ్ళదాకా తడిసి కాళ్ళకి అంటుకుని ఉంది.

గదిలో నాలుగు పేర్లున్నాయి. ఉమ్ హాషిమ్, రిటైర్డ్ మాస్టారు, హాజ్ బరకాత్, సనా. మొదటి రెండూ వగ్దీయే. తర్వాతి రెండూ పక్క బల్ల మీద కూర్చున్న రిఫాత్. సంఘానికి డబ్బిచ్చే దాతలకి నెలనెలా నివేదిక వెళ్తుంది. గదిలో ఏ గంటలోనూ నలుగురికి తగ్గకూడదని అందులో ఒక షరతు. అందుకని ఉద్యోగులు ఒక్కొక్కరికి రెండేసి పేర్లిచ్చారు.

హాజ్ బరకాత్ రాశాడు: "చీపురొచ్చింది, ఉమ్ హాషిమ్! మీ మేడమీద బట్టలు తీశారా?"

ఉమ్ హాషిమ్ జవాబిచ్చింది: "తీయకపోతే నువ్వొచ్చి తీస్తావా హాజ్? నీ మోకాళ్ళకి మూడు మెట్లు ఎక్కేసరికి సాయంత్రమవుతుంది."

పక్కనుంచి రిఫాత్ నవ్వాడు. "బాబాయ్, ఈవిడ నా పరువు తీస్తోంది. పెళ్ళి చేసేద్దామా ఈ ముసలాళ్ళిద్దరికీ? నివేదికలో బాగుంటుంది."

"పని చూసుకో" అన్నాడు వగ్దీ.

ఉమ్ హాషిమ్ మాటలు ఆయన కల్పించినవి కావు. చనిపోయిన తల్లి మాటలు. ఆవిడ పొద్దున లేచినప్పటినుంచి ఎవరో ఒకరిని ఏదో ఒకటి అంటూ ఉండేది. వగ్దీ ఆవిడ కొడుకే అయినా మాటలు తక్కువ. ఇరవైనాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. అక్కడ నేర్పిన పని ఒకటే: ఇద్దరిని కలపడం, తను తప్పుకోవడం. ఎక్స్ఛేంజీలో యంత్రాలు వచ్చాక ముందుగానే పింఛనిచ్చి పంపేశారు. భార్య నజ్వా పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. శుక్రవారం గది ఉండదు. శుక్రవారం ఆయన రొట్టెల కొట్టువాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడడు.

తొమ్మిదేళ్ళలో ఒక్క రోగినీ కళ్ళారా చూడలేదు. ఎవరికి ఏ రోజు డయాలిసిస్, ఎవరు దాహానికి మంచుముక్క చప్పరిస్తారు, ఎవరి కేంద్రంలో మూడో మిషను చెడిపోయింది, అన్నీ తెలుసు. ముఖాలు తెలీవు.

పదిన్నరకి మరో మూడు పేర్లు వెలిగాయి. ఒకటి మీనా వాళ్ళ నాన్న. ఆయన రోజూ వస్తాడు, ఎప్పుడూ ఏమీ రాయడు. రెండోది కెప్టెన్ జలాల్, మూడు రోజుల కిందట చేరాడు. మూడోది నీలి కిటికీ. చేరి మూడు వారాలైంది.

వగ్దీ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

నీలి కిటికీ మీద ఆయనకి మొదటినుంచీ అనుమానం. ఆఫీసు వేళల్లోనే వస్తుంది. కేంద్రంలో టీ గురించి గాని నర్సుల గురించి గాని ఒక్కసారీ సణగలేదు. పోయేముందు ప్రతిసారీ "గది నడుపుతున్నవారికి థాంక్స్" అని రాస్తుంది. నిజం రోగి ఎవడూ ఆఫీసుకి థాంక్స్ చెప్పగా వగ్దీ చూడలేదు.

సంఘంలో దయ్యాలున్నాయి. ఆ మాట రిఫాత్ పెట్టిందే. నెలకొకసారి, ఏ రోజన్నది చెప్పకుండా, దొంగ పేరుతో ఒక సభ్యుడు గదిలోకి వస్తాడు. నియమం తప్పించడానికి చూస్తాడు. గుమ్మం దగ్గరున్నవాడు దాన్ని వదిలేస్తే పట్టుబడతాడు. దయ్యాలని నడిపేది డైరెక్టరుగారి సహాయకురాలు ఇనాస్. ఆవిడ గది అద్దాల గది, వరండాకి అవతల. దయ్యాల పేర్లు ఆవిడకి తప్ప ఎవరికీ తెలీవు.

నియమాలు నాలుగు, బల్ల అద్దం కింద ఉన్నాయి. మూడోది: ఫోన్ నంబరు ఏ కారణం చేతనైనా వదలరాదు. రెండేళ్ళ కిందట ఎవడో గదిలో నంబరిచ్చి దొంగ మందులమ్మాడు. దాతలు మండిపడ్డారు. అప్పటినుంచి ఉంది ఆ నియమం.

మొన్న మార్చిలో వగ్దీ జ్వరంతో రాని రోజున హుదా అనే అమ్మాయి ఇదే బల్ల దగ్గర కూర్చుని ఉద్యోగం పోగొట్టుకుంది. పదకొండింటికి ఒకావిడ, కేంద్రానికి వెళ్ళడానికి బండి దొరకలేదని రాసింది. పది నిమిషాలకి ఒకాయన, నా కారుంది, ఇదిగో నంబరు అన్నాడు. హుదా వదిలింది. ఇంకో పది నిమిషాలకి ఇనాస్ కాగితంతో వరండాలోకి వచ్చింది. అడిగినావిడా ఆవిడే, ఇస్తానన్నాయనా ఆవిడే.

పదీ నలభైకి నీలి కిటికీ మెసేజ్ ఎడమవైపుకి వచ్చింది.

"నేను బితాష్‌లో ఉంటున్నాను. వీధిలో నడుములోతు నీళ్ళు. ఇవాళ ఆదివారం, నా వంతు పన్నెండింటికి, వర్దియాన్ కేంద్రంలో. గురువారం మిషను బాగులేదని తిప్పి పంపేశారు. ఎవరిదగ్గరైనా ఎత్తయిన బండి ఉందా?"

నంబరు లేదు, పేరు లేదు. వగ్దీ వదిలాడు.

పదీ నలభైతొమ్మిదికి కెప్టెన్ జలాల్: "అమ్మా, నాది మైక్రోబస్సు, టైర్లు పెద్దవి. నేను బితాష్ మలుపులోనే ఉన్నా. ఈ నంబరుకి చెయ్యండి." కింద పదకొండు అంకెలు.

వగ్దీ చెయ్యి మౌస్ మీంచి తీసేశాడు.

"రిఫాత్" అన్నాడు. "ఇలా రా."

రిఫాత్ వచ్చి ఆయన భుజం మీదుగా చదివాడు. చదివి ఈల వేశాడు. "వచ్చింది బాబాయ్, ఈ నెల దయ్యం. జంటగా వచ్చింది. మార్చిలో వేసిన నాటకమే, వేషం కూడా మార్చలేదు. ఇనాస్ మేడమ్‌కి బద్ధకం ఎక్కువైంది."

"మార్చిలో తుఫాను లేదు."

"తుఫాను దేవుడు పంపాడు, వాడుకోవడం ఈవిడ తెలివి. తుడిచెయ్యి. తుడిచి టీ తాగు."

వగ్దీ తుడవలేదు. ఆపి ఉంచాడు. నీలి కిటికీకి నియమంలో ఉన్న జవాబే పంపాడు: దయచేసి మీ కేంద్రాన్ని సంప్రదించండి.

జవాబు వెంటనే వచ్చింది. "కేంద్రం ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తట్లేదు. అంబులెన్సువాళ్ళు నా పేరు రాసుకున్నారు. నా ముందు అరవైమంది ఉన్నారట."

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఆఖరిసారి మంగళవారం. మంగళవారంనుంచి ఆదివారానికి అయిదు రోజులు. అయిదు రోజులు వెళ్ళనివాళ్ళ గురించి తొమ్మిదేళ్ళలో రెండుసార్లు చదివాడు. ఆ రెండు పేర్లూ తర్వాత గదిలోకి రాలేదు.

లేచి వరండాలోకి వెళ్ళాడు. ఇనాస్ గదిలో లేదు. పై అంతస్తులో డైరెక్టరుగారితో సమావేశమని తలుపుమీద చీటీ ఉంది. అక్కడికే ఫోన్ చేశాడు. పరిస్థితి చెప్పాడు.

"నియమం మీకు తెలుసు కదా, ఉస్తాజ్ వగ్దీ?" అంది ఇనాస్.

"తెలుసు మేడమ్. ఈమె నిజమా కాదా అన్నది ఒక్కటి చెప్పండి."

"అది చెప్తే ఇక పరీక్షెందుకు?" అని పెట్టేసింది.

ఆ గొంతులో నవ్వుందా అని ఆయన ఆలోచిస్తూ తిరిగొచ్చాడు. ఉంటే దయ్యమే. లేకపోయినా దయ్యం కావచ్చు. ఇనాస్ పనిలో ఉన్నప్పుడు నవ్వదు.

కూర్చుని ఉమ్ హాషిమ్ పేరుతో రాశాడు. "ఏమ్మా, చెయ్యెలా ఉంది? సూదులు గుచ్చే చెయ్యి. తడవనివ్వకు."

"బాగానే ఉంది పిన్నీ. పొద్దున లేవగానే చెవి దగ్గర పెట్టుకుంటాను. లోపల డయాలిసిస్ కోసం ఆపరేషన్‌లో కలిపిన నరం రొదపెడుతూ ఉంటే ఆ పూటకి బతికున్నట్టే. ఇవాళ కూడా పెట్టుకున్నాను. రొద ఉంది. ఊపిరే అందట్లేదు, కూర్చుని రాస్తున్నాను."

వగ్దీ ఆ మెసేజ్ వదల్లేదు. రెండుసార్లు చదివాడు.

పాత సంభాషణలన్నీ సంఘం దాచి ఉంచుతుంది. ఇనాస్ తన దయ్యాలకి మాటలు అందులోంచే ఏరుకుంటుంది. రోగులు ఏమంటారో ఆవిడకి తెలిసే దారి అదొక్కటే. వగ్దీ వెతికే చోట 'చెవి' అని కొట్టాడు. తొమ్మిదేళ్ళలో ముప్ఫైఒక్కసారి వచ్చింది. ఒక్కొక్కటీ తెరిచాడు. చెవిపోటు. చెవిలో చీము. చెవుడు. చెవిపోగులు అమ్మి మందులు కొన్నావిడ. చెయ్యి చెవి దగ్గర పెట్టుకునే మాట ఎక్కడా లేదు. 'రొద' అని కొట్టాడు. మిషను రొద, పిల్లల రొద. అంతే.

ఇది ఎవరూ రాయనిది. ఎవరూ రాయనిది ఇనాస్‌కి దొరకదు.

"రిఫాత్, ఈమె దయ్యం కాదు."

"ఎలా తెలుసు?"

చెప్పాడు. రిఫాత్ తన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "బాబాయ్, ఒకవేళ ఇనాస్ వాళ్ళింట్లో ఎవరికైనా ఆ జబ్బుంటే? వాళ్ళు చెప్పి ఉంటే?" అన్నాడు. "నీకు యాభైఏడు. ఇక్కడ పోతే ఇంకెక్కడా కూర్చోబెట్టరు. ఉద్యోగం సంగతి అలా ఉంచు. పొద్దున లేచి ఎక్కడికెళ్తావు? నువ్వు శనివారం వచ్చేటప్పుడు నీ మొహం చూస్తాను కదా నేను. సెలవునుంచి వచ్చినవాడి మొహంలా ఉండదు. సెలవయిపోయింది దేవుడా అని వచ్చినవాడి మొహంలా ఉంటుంది."

వగ్దీ తెర మూలనున్న గడియారం చూశాడు. పదకొండూ ఇరవై. ఇరవైఅయిదు. నీలి కిటికీ రాసిన ఇంకో వాక్యం ఎడమవైపుకి వచ్చింది. "ఎవరూ లేరా?"

గదిలో ఏడు పేర్లున్నాయి.

పదకొండూ ఇరవైఎనిమిదికి ఆయన కెప్టెన్ జలాల్ మెసేజ్ మీద బాణం పెట్టి నొక్కాడు. పదకొండు అంకెలూ గదిలోకి వెళ్ళాయి. తొమ్మిదేళ్ళలో ఆయన వదిలిన మొదటి ఫోన్ నంబరు అది.

"అయిపోయావు" అన్నాడు రిఫాత్.

నిమిషం గడిచింది. రెండు గడిచాయి. వర్షం కిటికీ అద్దాన్ని కొడుతోంది. వరండాకి అవతల ఎక్కడో ఫోన్ మోగడం మొదలుపెట్టింది.

మోగి మోగి ఆగింది.

ఎడమవైపు ఒక మెసేజ్ వచ్చింది. "కెప్టెన్ ఎత్తట్లేదు. మళ్ళీ చేస్తున్నాను."

మళ్ళీ మోగింది. ఇనాస్ గదిలోనే. వగ్దీ లేచి నిలబడి విన్నాడు. రిఫాత్ కూడా తల తిప్పాడు. ఇద్దరూ ఒకేసారి అర్థం చేసుకున్నారు.

ఈవిడ దయ్యమా కాదా అని గంటసేపు ఆయన తూకం వేశాడు. కెప్టెన్‌ని తూకం వెయ్యలేదు. బండి ఇస్తానన్నవాడు దయ్యం. బండి అడిగిన మనిషి నిజం. ఇనాస్ రెండు పాత్రలూ తనే వెయ్యాల్సిన అవసరం ఈసారి రాలేదు. సగం నాటకం తుఫాను రాసిచ్చింది. మిగతా సగం ఆవిడ ఫోనులోంచి రాసి, ఆ ఫోను బల్లమీద ఛార్జింగ్‌లో పెట్టి, పైకి సమావేశానికి వెళ్ళింది. గదిలో ఉన్న ఏడుగురిలో అయిదుగురు ఆఫీసే. ఒకడు నోరు తెరవడు. మిగిలినది నీలి కిటికీ ఒక్కతే. బితాష్‌లో నడుములోతు నీళ్ళమధ్య కూర్చుని, లేని మైక్రోబస్సుకి ఫోన్ చేస్తోంది.

"కదలకు బాబాయ్" అన్నాడు రిఫాత్. "నీకు వినపడలేదు. నాకూ వినపడలేదు. నంబరు పొరపాటున నొక్కుకుపోయిందని నేను సంతకం పెడతాను. ఇదిగో, దేవుడి మీద ఒట్టు, పెడతాను."

వగ్దీ వరండా దాటాడు. తలుపు తాళం వేసి లేదు. ఫోన్ చిన్నది, కొత్తది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

ముందు ఊపిరి వినపడింది. తర్వాత మాట. "కెప్టెన్... జలాల్ గారా?"

ఎక్స్ఛేంజీలో ఇరవైనాలుగేళ్ళు ఆయన ఇలాంటి ఊపిరిని ఎన్నిసార్లు విన్నాడో. ప్రతిసారీ తీగ కలిపి తను తప్పుకున్నాడు.

"అవునమ్మా" అన్నాడు. "బయల్దేరాను. ఇంటి గుర్తు చెప్పండి."

"ఫార్మసీ... పక్క సందు. రెండో మేడ. ఆకుపచ్చ గేటు. కింద వాటా మునిగింది... నేను పైన ఉన్నాను."

"పేరు?"

"అవాతిఫ్."

"అవాతిఫమ్మా, పడుకోకండి. కూర్చునే ఉండండి. ఫోన్ చేతిలో పెట్టుకోండి. దారిలో నేనే చేస్తాను."

ఆమె మళ్ళీ చెయ్యాలన్నా ఈ నంబరుకే చేస్తుంది. అందుకని ఆయన ఛార్జింగ్ తీగ పీకి ఆ ఫోన్‌ని చొక్కా జేబులో వేసుకున్నాడు. తన జేబులోంచి తన ఫోన్ తీసి, అది ఉన్న చోట పెట్టాడు. బటన్ల ఫోన్. అంకెల మీద రంగు పోయింది.

మెట్ల దగ్గర ఇనాస్ ఎదురుపడింది. చేతిలో కాగితం ఉంది. పైనున్న కంప్యూటర్లో ఆవిడకి గది కనపడుతూనే ఉంటుంది.

"పదకొండూ ఇరవైఎనిమిది" అంది. "నేను ఆశించలేదు, ఉస్తాజ్. మీనుంచి ఆశించలేదు. ఆవిడ మీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"ఏమీ కాని మనిషి కోసం తొమ్మిదేళ్ళ ఉద్యోగం వదులుకుంటారా ఎవరైనా? నన్ను నమ్మమంటారా? మూడు వారాలనుంచీ చూస్తున్నాను. ఆవిడొచ్చిందంటే మీరు కుర్చీ ముందుకి జరుపుకుంటారు."

"మీ దయ్యమేమో అని జరుపుకున్నాను మేడమ్."

ఇనాస్ ఆయన చొక్కా జేబు చూసింది. "అది నా ఫోను."

"కెప్టెన్ జలాల్‌ది. ఆయన బయల్దేరాడని చెప్పాను ఆవిడకి. నాది మీ బల్లమీద పెట్టాను, పూచీకి."

"ఉస్తాజ్! మెట్లు దిగితే మళ్ళీ ఎక్కక్కర్లేదు!"

ఆయన అప్పటికే ఒక అంతస్తు దిగాడు.

తర్వాత జరిగింది రిఫాత్ ముక్కలు ముక్కలుగా తెలుసుకున్నాడు. సముద్రపు రోడ్డుమీద టాక్సీలు లేవు. వగ్దీ గంటసేపు చేపల లారీల్ని ఆపడానికి చూశాడు. ఒకడు ఆపాడు. బితాష్ మలుపు దగ్గర దింపాడు. అక్కడినుంచి నీళ్ళలో నడిచాడు. నీళ్ళు తోడడానికి వచ్చిన మున్సిపాలిటీ ట్రాక్టరు మీద ఇద్దరూ బయటికొచ్చారు. దారి పొడుగునా ఆవిడని మాట్లాడిస్తూనే ఉన్నాడని ట్రాక్టరువాడు చెప్పాడు. ఆ మాట్లాడే తీరు చూసి ఒకే ఇంటివాళ్ళేమో అనుకున్నాడట, మగవాడై ఉండి ముసలమ్మలా తిడుతున్నాడు, అన్నాడు. అవాతిఫ్‌కి నలభైఒకటి. నాలుగుకి అయిదు నిమిషాలుండగా వర్దియాన్ కేంద్రంలో ఆమెని మిషనుకి కలిపారు. వగ్దీ ఇనాస్ ఫోన్‌ని అక్కడ రిజిస్టరు రాసే ఆయనకిచ్చి రసీదు తీసుకున్నాడు.

సోమవారం ఆయన బల్ల దగ్గరికి రాలేదు. ఆయన పేరూ రహస్య పదమూ ఆదివారం మధ్యాహ్నమే రద్దుచేశారు. రిఫాత్ ఆ కుర్చీలోకి మారాడు. పొద్దున పదింటికి నీలి కిటికీ గదిలోకి వచ్చింది.

"కెప్టెన్ జలాల్ గారికీ, గది నడుపుతున్నవారికీ థాంక్స్."

నంబరు లేదు, నియమం తప్పింది ఏమీ లేదు. రిఫాత్ వదిలాడు. నెలాఖరు నివేదికలో మొదటి పేజీలో అచ్చువేయడానికి డైరెక్టరుగారు ఆ వాక్యం కిందే గీత గీశారు.

ఇనాస్ తన ఫోన్ మంగళవారం తెప్పించుకుంది. వగ్దీ ఫోన్ మాత్రం తిరిగివ్వలేదు. వచ్చి వాంగ్మూలం మీద సంతకం పెడితే ఇస్తానని కబురు చేసింది. కబురు పట్టుకెళ్ళింది రిఫాతే. ముహర్రం బేలో ఇంటికి తాళం ఉంది. ఇవాళ మంగళవారం, ఎవరికో డయాలిసిస్ ఉందట, పొద్దున్నే వర్దియాన్ బస్సెక్కాడు అని రొట్టెల కొట్టువాడు చెప్పాడు. రిఫాత్ ఆ మాట ఆఫీసులో చెప్పలేదు.

అవాతిఫ్‌కీ వగ్దీకీ ముందునుంచే ఏదో ఉందని ఇనాస్ నమ్మకం. గది బయట మాట్లాడుకుంటూ ఉండి ఉంటారని, నంబరు వదలడం ఇద్దరూ కలిసి వేసిన ఎత్తని. అది తేల్చుకుందామని వగ్దీ ఫోన్ తెరిచింది. అందులో ఉన్నవి ఆరు పేర్లు. గ్యాసు సిలిండరువాడు. కరెంటు ఆఫీసు. డాక్టరు. రిఫాత్. సంఘం. నజ్వా. వచ్చిన ఫోన్ల పట్టికలో ఆఖరిది పంతొమ్మిది రోజుల కిందటిది, కరెంటు ఆఫీసునుంచి. చేసిన ఫోన్ల పట్టికలో ఎక్కువసార్లు ఉన్నది నజ్వా. ఇనాస్ ఆ నంబరుకి చేసి చూసింది. ఈ నంబరు వాడుకలో లేదని యంత్రం చెప్పింది.

అయినా ఆవిడ అనుమానం పోలేదు. ఎవరో ఒకరు చేస్తారు, చేసినప్పుడు తెలుస్తుంది అనుకుంది. అద్దాల గదిలో, తన కంప్యూటరు పక్కన, ఆ ఫోన్ వారం రోజులుగా ఛార్జింగ్‌లో ఉంది. ఎవరు చేసినా పేరు కనపడేలా దాన్ని వెల్లకిలా పెట్టింది.